టబ్బు నిండిన శనివారం

రెబెకా చేపను వాసన చూసేది కాదు. మా బుక్కరాయసముద్రంలో చేపలు కొనే వాళ్ళు ఎవరైనా మొదట చేసేది ఆ పనే. మొప్ప ఎత్తి, ఎర్రగా ఉందో లేదో చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంటారు. ఈమె మాత్రం కన్ను చూసి, బొటనవేలితో కడుపు నొక్కి, తర్వాత చేప కింద ఐసు ఎంత ఉందో చూసేది. చేపను చూస్తే చాలదు, చేప పడుకున్న చోటు చూడాలి అనేది. మా పెళ్ళయిన కొత్తలో అమ్మేవాళ్ళు ఆమెను చూసి నవ్వేవారు. "ఏమమ్మా, చేప కొంటావా, ఐసు కొంటావా?" అని ఒకామె అడిగింది కూడా.

ఆమె పుట్టింది ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెలో. నాయన పెద్దన్న శెనక్కాయ చేలల్లో కూలి పని చేసేవాడు, పని లేనప్పుడు ఇతరుల గొర్రెలు కాసేవాడు. ఆ ఇంట్లో చేప అంటే ఎండుచేపే. వాన ముఖం చాటేసిన ఒక సంవత్సరం ఒక మేస్త్రీ వచ్చి ఆ పల్లె నుంచి ఆడపిల్లలను కోస్తాలో రొయ్యల ఫ్యాక్టరీకి పనికి తీసుకుపోయాడు. వాళ్ళలో రెబెకా ఒకతె. మొదటి రోజు తెల్ల కోటు, టోపీ, మోకాళ్ళ దాకా బూట్లు తొడిగి చల్లటి హాల్లో నిలబెడితే ఏడ్చిందట. "అనంతపురం జిల్లాలో పుట్టినదాన్ని, చలి అంటే ఏందో నాకేం తెలుసు? ఎండలో పని చేసి చచ్చినోళ్ళను చూసినా గానీ, చలిలో పని చేసేటోళ్ళను యాడ చూసినా?" అని ఈ కథ చెప్పినప్పుడల్లా అనేది.

అక్కడ కొన్నేళ్ళు పనిచేసింది. రొయ్యల తర్వాత చేపల విభాగానికి మార్చారు. గాలి తీసేసి ప్యాక్ చేసే మిషను మీద పని నేర్చుకున్నది అక్కడే. పని నేర్పిన పెద్దాయన ఒక విషయం పదే పదే చెప్పేవాడట. దాన్నే ఆమె నాకు, మా అమ్మాయి ఎలిజబెత్‌కు, తర్వాత ఇక్కడి ఆడవాళ్ళకు చెప్పింది. చెరువు బురదలో, సముద్రం అడుగున ఒక సూక్ష్మజీవి ఉంటుంది. దానికి గాలి పడదు. చేపను మామూలుగా వదిలేస్తే గాలిలో పెరిగే క్రిములు ముందు పనిపట్టి దాన్ని కుళ్ళబెడతాయి, కంపు కొడుతుంది, మనం పారేస్తాం. ప్యాకెట్లో గాలి తీసేస్తే ఆ కంపు కొట్టించే క్రిములు నెమ్మదిస్తాయి. ఈ గాలి పడని దానికి మాత్రం అదే అనుకూలం. అది విషం తయారు చేస్తుంది. చేప చూడడానికి బాగుంటుంది, వాసన బాగుంటుంది. తిన్న మనిషికి మొదట రెప్పలు వాలతాయి, మాట తడబడుతుంది, ఆ తర్వాత ఊపిరి అందదు. అది పెరగకుండా ఆపేది ఒకటే, చల్లదనం. మూడు డిగ్రీలు దాటనివ్వకూడదు.

ఆ జీవి అసలు పేరు ఆమెకు నోరు తిరిగేది కాదు. "గాలి పడని పురుగు" అనేది.

మా పెళ్ళయ్యాక ఆమె ఫ్యాక్టరీ మానేసి ఇక్కడికి వచ్చింది. నేను అనంతపురంలో గ్రంథాలయంలో పని చేస్తాను. కాపురం పెట్టిన కొన్నాళ్ళకు ఫ్రిజ్జు కొన్నాం. ఆమె అందులో ముందుగా పెట్టింది ఒక థర్మామీటరు. మా అమ్మ అది చూసి, "ఏమే, ఫ్రిజ్జుకు జ్వరమొచ్చిందా?" అని నవ్వింది. ఎప్పుడైనా టౌను నుంచి గాలి తీసిన చేప ప్యాకెట్టు గడ్డకట్టింది తెస్తే, ఫ్రిజ్జులో కరగబెట్టే ముందు దాన్ని కత్తెరతో కోసేది. లోపలికి గాలి పోవాలి అని. నేను కూడా ఇప్పటికీ అట్లాగే చేస్తున్నాను.

కాలువ నీళ్ళు వరుసగా వచ్చి చెరువు నిండిన ఏళ్ళలో మా ఊళ్ళో చేపలకు గిరాకీ పెరిగింది. కొంతమంది ఆడవాళ్ళు సంఘం పెట్టుకుని, చేపను శుభ్రం చేసి, ముక్కలు కోసి, ప్యాక్ చేసి టౌనులో అమ్మాలనుకున్నారు. సంఘం నడిపేది సుంకమ్మ. ఆమె భర్త ఎర్రప్ప తన తోట దగ్గర శెనక్కాయలు నిలవ చేసుకునే షెడ్డు ఇచ్చాడు. లోను మీద మిషను వచ్చింది, చిన్న కోల్డ్‌రూము వచ్చింది. నడిపే మనిషి లేదు. ఒక పొద్దున సుంకమ్మ మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఏమమ్మా, నీకు గాలి పీకే మిషను తెలుసంట కదా?"

"తెలుసక్కా."

"అయితే రాప్పా. అది మా మాట ఇంటలేదు. ప్యాకెట్టు పెడితే బుస్సుమంటాది, మూతి మూసుకోదు."

రెబెకా పోయి చూసింది. మిషను బాగానే ఉంది, ప్యాకెట్టు అంచు తడిగా పెడుతున్నారు. తుడిచి పెట్టి చూపించింది. ఆ రోజు నుంచి అక్కడే.

ఆమె వెళ్ళాక షెడ్డులో నియమాలు మొదలయ్యాయి. గాజులు తీయాలి, గోళ్ళు కత్తిరించాలి, జడలో పూలు ఉండకూడదు. పూల దగ్గర సుంకమ్మకూ ఆమెకూ పెద్ద గొడవ.

"పూలు తీసేస్తే మా ఆయన ఉండాడా పోయినాడా అని ఊరంతా అడుగుతాదిమే."

"ఇంటికి పోతా పెట్టుకోక్కా. అప్పుడు మళ్ళీ బతుకుతాడులే."

షెడ్డంతా నవ్వింది. సుంకమ్మ పూలు తీసి బయట మేకుకు తగిలించింది. కానీ ఒక విషయంలో మాత్రం రెబెకా ఆమెకు అడ్డు చెప్పలేదు. శనివారం ఆంజనేయస్వామి వారమని సుంకమ్మ చేపను ముట్టేది కాదు. ఆ రోజు లేబుళ్ళు అంటించడం, పెట్టెలు లెక్క చూడడం ఆమె పని. శనివారం లేబుళ్ళన్నీ వంకర లేకుండా ఉండేవి.

ప్యాక్ చేసిన చేపను ఐసు పొడి పోసిన క్రేట్లలో పేర్చి కోల్డ్‌రూములో పెట్టేవారు. కరెంటు పోయినా కొంతసేపు ఐసు కాపాడుతుందని ఆ ఏర్పాటు. కరిగిన నీళ్ళు గొట్టం ద్వారా షెడ్డు వెనక్కి పోయేవి. ఎర్రప్ప ఆ గొట్టం కింద ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టాడు. మా వైపు నీళ్ళు ఊరికే మట్టిలో కలిసిపోతుంటే చూస్తూ ఊరుకునే మనిషి ఉండడు. ముఖం కడిగిన నీళ్ళు కూడా ఒక మొక్క మొదట్లో పడాల్సిందే. టబ్బులో రోజూ సగం దాకా నీళ్ళు చేరేవి. సాయంత్రం అతని గొర్రెలు తాగేవి. "మా గొర్రెలకు ఈ ఊర్లో ఎవరికీ లేని భోగం, ఐసు వాటరు" అనేవాడు ఎర్రప్ప.

నేను చెప్పాలనుకున్నది ఒక మే నెల గురించి.

ఆ ఏడు కాలువ నీళ్ళు ఆలస్యమయ్యాయి. చెరువు వెనక్కి పోయింది, ఒడ్డున బురద పగుళ్ళు విచ్చింది. చేపలు పట్టే వాళ్ళు ఇంకొన్ని వారాలు పడతాం, తర్వాత లేదని చెప్పేశారు. సంఘంలో ఇద్దరు ఆడవాళ్ళు బెంగళూరుకు కట్టడం పనికి పోదామని మాట్లాడుకుంటున్నారు. అప్పుడే టౌనులో చంద్రమోహన్ అని ఒకాయన చల్లటి మాంసం, చేపలు అమ్మే అంగడి తెరవబోతూ సంఘాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఆదివారం ప్రారంభం. ఆ రోజుకు చేప ప్యాకెట్లు కావాలి, బాగుంటే వారం వారం తీసుకుంటానన్నాడు. మన చెరువు ఎండినా పెన్నహోబిలం రిజర్వాయరు వైపు నుంచి చేప తెప్పించి ఇక్కడే ప్యాక్ చేయవచ్చు, షెడ్డు మూతపడదు. సంఘానికి ఆ ఆర్డరే ఆధారం. రెబెకాకు కూడా. ఎలిజబెత్ అప్పటికి నర్సింగులో చేరింది.

బుధవారం నుంచి ప్యాకింగు మొదలుపెట్టారు. ఆ వారం ఎండ మండిపోయింది. ఆడవాళ్ళు తెల్లవారేసరికి వచ్చి, పది కాకముందే పని ముగించుకుని షెడ్డు తలుపు వేసి పోయేవారు. రెబెకా మళ్ళీ సాయంత్రం పోయి కోల్డ్‌రూము థర్మామీటరు చూసి వచ్చేది. నేను ఆఫీసు నుంచి వస్తూ ఆమెను బండి మీద ఎక్కించుకునేవాణ్ణి. పొద్దున చూసినా రెండు డిగ్రీలే, సాయంత్రం చూసినా రెండు డిగ్రీలే. కానీ క్రేట్లలో ఐసు మాత్రం నిలవడం లేదు. రోజూ సాయంత్రానికి కుంగిపోయి ప్యాకెట్లు బయటపడి ఉండేవి. మళ్ళీ ఐసు పోయాల్సి వచ్చేది.

ఆమె ఆ తప్పు ఐసు ఫ్యాక్టరీ తిప్పన్న మీద వేసింది.

"ఏమి ఐసప్పా ఇది? చేయి పెడితే కారిపోతాండాది. గట్టిగా కట్టకముందే పెరికి ఇస్తాండావా?"

"నా ఐసుకేమమ్మా, ఇనుప గుండు మాదిరి ఉండాది. మీ రూములో ఏమయిందో చూసుకోండి."

"మా రూము రెండు డిగ్రీలుండాది. నేను కళ్ళతో చూస్తాండా."

"అయితే నీ కళ్ళనే అడుగు."

ఆమె కోపంగా వచ్చేసింది. దారంతా తిప్పన్నను తిడుతూనే ఉంది.

శనివారం మధ్యాహ్నం గ్రంథాలయం త్వరగా మూసి నేను షెడ్డు దగ్గరికి పోయాను. మరునాటి ఆర్డరు పెట్టెల్లో సర్దాలని ఆడవాళ్ళంతా ఆ రోజు రెండోసారి వచ్చారు. సుంకమ్మ లేబుళ్ళు పట్టుకుని కూర్చుంది. మారెక్క అనే ఆమె క్రేట్లు మోసుకొస్తోంది. ఎర్రప్ప వేపచెట్టు కింద బీడీ కాలుస్తూ, నన్ను చూసి పలకరించాడు.

"రాప్పా లైబ్రరీ సారూ. మీ ఆమె పుణ్యాన మా గొర్రెలు కొవ్వెక్కినాయి."

"ఏమయిందన్నా?"

"టబ్బు నిండి పొర్లుతాండాదప్పా. గొర్రెలు తాగినా మిగుల్తాండాయి. నిన్న బక్కెట్లతో మోసి కరివేపాకు చెట్టుకు పోసినా. ఈ ఎండల్లో ఎవురికుండాయి ఇన్ని నీళ్ళు?"

లోపల పెట్టె మూత వేస్తున్న రెబెకా చేయి ఆగింది. బయటికి వచ్చింది.

"పొర్లుతాండాదా అన్నా? ఎప్పటినుంచి?"

"బుధవారం నుంచమ్మా."

"రోజంతా పొర్లుతాదా?"

"ల్యా. రోజంతా యాడ. మోటరు ఏసినప్పుడు."

"మోటరు ఏస్తే ఈ నీళ్ళు ఎందుకొస్తాయి?"

ఎర్రప్ప ఆమెను తెలివితక్కువ మనిషిని చూసినట్టు చూశాడు. దాచిపెట్టాల్సిన విషయమని అతనికి తోచలేదు. తోటలో టమాటా పూత దశలో ఉంది, నీళ్ళు లేక పూత రాలుతోంది. బోర్లకు ఇచ్చే త్రీఫేజు కరెంటు వచ్చేది మధ్యాహ్నం. షెడ్డుకూ బోరుకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. అందరూ ఒకేసారి మోటర్లు వేసే ఆ వేళ వోల్టేజీ పడిపోయి, కోల్డ్‌రూము నడుస్తుంటే బోరు మోటరు గుర్రుమంటుందే గానీ నీళ్ళు ఎత్తడం లేదు. అందుకని త్రీఫేజు రాగానే పోయి కోల్డ్‌రూము స్విచ్చు తీసి మోటరు వేసుకున్నాడు. త్రీఫేజు పోగానే మళ్ళీ స్విచ్చు వేశాడు. ఆ శనివారం కూడా ఆడవాళ్ళు రెండోసారి వచ్చే ముందే ఆ పని అయిపోయింది. సాయంత్రం రెబెకా వచ్చేసరికి గది మళ్ళీ రెండు డిగ్రీలకు దిగి ఉండేది.

ఇది మా ప్రాంతంలో ఎవరైనా చేసే పనే. త్రీఫేజు వచ్చిందంటే తింటున్న కంచం వదిలి స్టార్టరు దగ్గరికి పరిగెత్తుతారు. పెళ్ళి పందిట్లోంచి లేచిపోయిన వాళ్ళను నేను చూశాను.

"అన్నా, ఎంత పని చేసినావన్నా" అంది రెబెకా.

"ఏమమ్మా, కాసేపు ఆపితే చేప చస్తాదా? అది చచ్చిందే కదా."

మారెక్క నవ్వబోయి, రెబెకా ముఖం చూసి ఆగిపోయింది. రెబెకా షెడ్డు వెనక్కి పోయింది. నేనూ పోయాను. టబ్బు అంచు దాకా నిండి ఉంది. దాని చుట్టూ మట్టి తడిసి గొర్రెల గిట్టల గుర్తులు పడి ఉన్నాయి. ఆమె కాసేపు ఆ నీళ్ళ వంక చూసి లోపలికి వచ్చి, "సర్దేది ఆపండి" అంది.

సుంకమ్మ తలెత్తింది. "ఎందుకు?"

"ఈ చేప పోకూడదక్కా. బుధవారం నుంచి రోజూ గది ఎచ్చబడి మళ్ళీ సల్లబడింది. ఎంత ఎచ్చబడిందో ఎవురికీ తెలీదు."

"మే, రెబెకమ్మా, ఏం మాట్లాడతాండావు? రేపు ఆయప్ప అంగడి తెరస్తాడు."

"తెలుసక్కా."

"మారెక్కా, ఒక ప్యాకెట్టు కోయ్." సుంకమ్మ శనివారమని తాను ముట్టలేదు. మారెక్క కోసి ఆమె ముక్కు దగ్గర పెట్టింది. సుంకమ్మ గట్టిగా పీల్చింది. "చూడు, వాసన లేదు, ఏమీ లేదు. ఇప్పుడు చెరువులోంచి తీసినట్టుండాది. ఇది పారేస్తావా?"

"వాసన ఎందుకు రాలేదో నీకు చెప్పినా కదక్కా. కంపు కొట్టేదాన్ని మనమే మిషను పెట్టి ఆపినాం. ఇంక మన ముక్కు ఏం చెప్తాది?"

"బాగా ఉడకబెడితే?"

"బాగా మరిగితే ఆ విషం పోతాదంటారు. అబద్ధం చెప్పను. అయితే కొన్నోళ్ళు ఎంతసేపు ఉడకబెడతారో నాకు తెలుసా? పెనం మీద అట్లా వేసి ఇట్లా తీసేటోళ్ళు ఉండారు."

"ఇంతవరకు ఎవరన్నా చచ్చినారా ఈ ఊర్లో?"

"లేదు."

"మరి?"

"ఏమీ కాకనే పోవచ్చక్కా. కానీ ఏమీ కాదని నేను చెప్పలేను, నువ్వు చెప్పలేవు, చేప అసలే చెప్పలేదు."

ఎర్రప్ప గుమ్మంలో నిలబడి అన్నాడు. "ఈమె కోస్తాలో నేర్చుకొనొచ్చింది మనకు పనికొస్తాదా? ఆడ నీళ్ళుండాయి, కరెంటుండాది, పారేసుకుంటారు."

"అన్నా, నీ టమాటా ఎండిపోతాండాదని నాకు తెలుసు" అంది రెబెకా. "నీ తావున నేనుంటే నేనూ స్విచ్చు తీసుందును. అది వేరే మాట. ఈ చేప పోకూడదు, ఇది వేరే మాట."

సుంకమ్మ గొంతు మారింది. "చూడమ్మా, ఈ ఆర్డరు పోతే షెడ్డు మూత. వీళ్ళు బెంగళూరు పోతారు. నువ్వూ ఇంట్లో కూచుంటావు. నీ కూతురు చదువు ఏమయితాది? అది కూడా ఆలోచించుకున్యావా?"

నేను ఏదో అనబోయాను. "ఎలిజబెత్ నాయనా, నువ్వుండు" అంది రెబెకా. ఫోను తీసి చంద్రమోహన్‌కు చేసింది. అందరికీ వినపడేలా పెట్టింది.

"సార్, నేను రెబెకాను. రేపటికి చేప రాదు సార్."

"ఏందమ్మా, హాస్యమా?"

"చల్లదనం తప్పింది సార్. మా దగ్గరే తప్పింది."

"పాడయిందా?"

"పాడయినట్టు కనపడదు సార్."

"కనపడకపోతే పంపించు తల్లీ! బ్యానరు కట్టించినా, కరపత్రాలు పంచినా. చేపలకని సగం బల్ల ఖాళీ పెట్టినా."

"పంపను సార్. వచ్చే వారం కావాలంటే కొత్తగా పట్టించి పంపుతాం."

"వచ్చే వారం నాకెందుకు? చిలమత్తూరు నుంచి కోళ్ళు తెప్పించుకుంటా, ఆ బల్ల మీద కోళ్ళు పెట్టుకుంటా. మీ చేప మీరే తినండి." ఫోను పెట్టేశాడు.

రెబెకా కోల్డ్‌రూములోంచి మొదటి క్రేటు తెచ్చి నేల మీద పెట్టింది. కత్తి తీసుకుని ఒక్కొక్క ప్యాకెట్టూ కోయడం మొదలుపెట్టింది. ఊరికే గుంటలో వేస్తే చీకటి పడ్డాక ఎవరో ఒకరు తవ్వి తీసుకుపోతారు. మెరిసే ప్యాకెట్టు, లోపల ఎర్రటి ముక్కలు, ఎవరు వదులుతారు? అందుకని కోసి, ముక్కలు మట్టిలో కలిసేలా పారేయాలి. మారెక్క చేతులు కట్టుకుని నిలబడింది. మిగిలిన ఆడవాళ్ళు కూడా. తమ చేతులతో పొలుసు తీసి, కడిగి, ముక్కలు కోసిన చేప. తెల్లవారక ముందు లేచి చేసిన పని. వాళ్ళకు కత్తి పట్టుకోవడానికి చేయి రాలేదు.

రెబెకా ఒక క్రేటు పూర్తి చేసి రెండోది తెచ్చుకుంది.

సుంకమ్మ లేబుళ్ళ కట్ట పక్కన పెట్టి లేచింది. లేబుళ్ళ పనికి పూలు తీయాల్సిన అవసరం లేదు కాబట్టి ఆ రోజు జడలో మల్లెపూలు ఉన్నాయి. వాటిని లాగి బయట మేకుకు తగిలించింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది, రెబెకా నేర్పినట్టు మోచేతుల దాకా. వచ్చి రెబెకా పక్కన కూర్చుని కత్తి తీసుకుంది.

"శనివారం కదక్కా" అంది మారెక్క.

"ఆంజనేయస్వామికి నేను చెప్పుకుంటాలే. కూచోండి అందరూ. ఈమె ఒకతె కోస్తే తెల్లారతాది." తర్వాత గుమ్మం వైపు తిరిగి, "ఏమప్పా, చూస్తాండావు? పార తీసుకో. బోరుకు దూరంగా తవ్వు, లోతుగా" అని మొగుణ్ణి కేకేసింది.

ఎర్రప్ప తవ్వాడు. నేనూ కాసేపు పార పట్టుకున్నాను. ఎండకు నేల రాయిలాగా ఉంది. చేప అంతా వేసి, సున్నం చల్లి, మట్టి కప్పి, పైన ముళ్ళకంప పెట్టాం. అతను చెమట తుడుచుకుంటూ అడిగాడు. "ఇది చెట్లకు ఎరువన్నా అయితాదా, దానికీ ఏమన్నా రూలుండాదా?"

రెబెకా ఆ రోజు నవ్వింది అప్పుడే. "చెట్లకేం కాదన్నా. వేపచెట్టుకు టానిక్కు తాగిన బలమొస్తాది."

సుంకమ్మ ఇంటికి పోయి తలస్నానం చేసి దీపం పెట్టుకుందట. పూలు మేకుకే ఉండిపోయాయి.

సోమవారం రెబెకా ఐసు ఫ్యాక్టరీకి పోయింది. "నీ ఐసు మంచిదేనప్పా తిప్పన్నా" అంది. తిప్పన్న ఎవరితోనో మాట్లాడుతూ, "నేను ఆ పొద్దే చెప్పినా కదమ్మా" అని మాత్రం అన్నాడు. కానీ తర్వాత చాలా రోజులు ఆమె కనపడితే, "ఏమమ్మా, నీ కళ్ళు ఏమన్నాయి?" అని అడిగేవాడు.

ఆ ఎండాకాలం బాగా లేదు. సంఘంలో ఆ ఇద్దరూ అన్నట్టే బెంగళూరు పోయారు. మిగిలిన వాళ్ళు దొరికిన కాస్త చేప ప్యాక్ చేయకుండా, పొద్దునే చెరువు కట్ట మీద ఐసులో పెట్టుకుని అమ్మారు. రెబెకా కొన్ని వారాలు మిషను తుడిచి గుడ్డ కప్పి ఇంట్లోనే ఉంది. ఎర్రప్ప మళ్ళీ ఆ స్విచ్చు ముట్టుకోలేదు. టమాటా ఎండింది. తోటలోకి గొర్రెలను వదిలేసి, కనపడిన వాళ్ళందరితో "ఏం చేస్తాంప్పా, మా ఊర్లో చేపలకు ఏసీ, మనుషులకు ఎండ" అన్నాడు. అతని కోపం న్యాయమైనదే. సుంకమ్మ కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగింది. వానలు మొదలయ్యాక షెడ్డుకు వేరే ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. గది లోపల ఎంత వేడెక్కిందో గుర్తు పెట్టుకునే కొత్త థర్మామీటరు కూడా కొన్నారు. ఆ నెలలోనే చంద్రమోహన్ ఫోను చేశాడు. క్షమించమని గానీ మెచ్చుకుంటూ గానీ ఏమీ అనలేదు. "చేప ఉందా? చల్లగా ఉంటేనే పంపండి" అన్నాడు. రెబెకా ఆ మాట నాకు చెప్పి చాలాసేపు నవ్వింది. బెంగళూరు పోయిన ఇద్దరిలో ఒకామె తిరిగి వచ్చింది.

ఆ తర్వాత షెడ్డు ఆగలేదు. రెబెకా కూడా, జబ్బు బయటపడే దాకా, ఆగలేదు. ఆమె కడుపులో గడ్డ అని తెలిసింది పోయిన ఏడాది ఎండాకాలంలో. ఆగస్టులో పోయింది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు సుంకమ్మ వస్తే ఆరోగ్యం మాటల కన్నా ముందు అడిగింది, "ఐసు నిలబడతాండాదా అక్కా?" అని.

సమాధి చేసిన కొన్ని రోజులకు ఆమె షెడ్డులో వేసుకునే తెల్ల కోటు, బూట్లు ఇంట్లో ఉంటే, వాడే చోట ఉండాలని ఎలిజబెత్ అంది. ఉతికి, మడిచి షెడ్డుకు తీసుకుపోయాను. పని జరుగుతోంది. మారెక్క మిషను మీద ఉంది, ప్యాకెట్టు అంచు గుడ్డతో తుడుస్తోంది. సుంకమ్మ నా చేతిలోంచి కోటు తీసుకుంది. "ఉండన్నా" అని షెడ్డు వెనక్కి నడిచింది. నేను గుమ్మం దగ్గర నుంచి చూస్తున్నాను. ఆమె టబ్బు ముందు వంగి చూసింది. ఆ తర్వాతే లోపలికి వచ్చి థర్మామీటరు చూసింది. కొత్తది కొన్నా, ముందు టబ్బు, తర్వాత థర్మామీటరు, అదే వాళ్ళ వరస అయిపోయిందని మారెక్క చెప్పింది.

"సగమే ఉండాదన్నా" అంది సుంకమ్మ నాతో. కోటును రెబెకా తగిలించే మేకుకే తగిలించింది.

అప్పుడే త్రీఫేజు వచ్చినట్టుంది. చుట్టుపక్కల తోటల్లో మోటర్లు మొదలైన చప్పుడు వినిపించింది. ఎర్రప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వేరే ట్రాన్స్‌ఫార్మరు వచ్చి చాలా కాలమైంది, అతను ఎవరినీ అడగాల్సిన పని లేదు. నన్ను చూసి తల ఊపి, లోపలికి కేకేశాడు.

"ఏయనా?"

సుంకమ్మ కోల్డ్‌రూము తలుపు మూసి, చేత్తో నెట్టి చూసి, "ఏసుకో" అంది.